పక్కవాద్యాలు: లేవు

అయ్యగారి అరుంధతి టీచరు చేసిన తప్పల్లా ఒక్కటే. దరఖాస్తు ఫారం తొమ్మిదో గడిలో నిజం రాసింది.

ఆ గడి పేరు 'పక్కవాద్యముల వివరములు'. అందులో ఆవిడ 'లేవు' అని రాసి, కింద సంతకం చేసి, జిల్లా సంగీత ప్రోత్సాహక మండలి ఆఫీసులో గుమాస్తా వీరభద్రం బల్ల మీద పెట్టింది. ఆ ఆఫీసులో ఫారం ఒకటే. కచేరీకీ అదే, ఫిర్యాదుకీ అదే, వీరభద్రం సెలవు చీటీకీ అదే. సెలవు పెట్టినప్పుడల్లా అతను తొమ్మిదో గడిలో భార్య పేరు రాస్తుంటాడు. ఇరవై ఆరేళ్లలో ఆ గడిలో అతను వయొలిన్లు చూశాడు, మృదంగాలు చూశాడు, వాయించే మనిషి కాలం చేసినా పేరు మాత్రం కొనసాగుతున్న మోర్సింగొకటి చూశాడు. 'లేవు' మాత్రం చూడలేదు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. 'లేవు' అక్కడే ఉంది.

"ఇదేంటండి టీచరు గారూ, లేవంటారు?"

"లేవండి. ఉత్త గొంతులే. ఇరవై నాలుగు గొంతులు. ఇంకేం అక్కర్లేదు."

"అక్కర్లేదన్నది మీ ఇష్టమండి. లేవన్నది మాత్రం మా గడిలో పట్టదండి."

అరుంధతి టీచరు ఆ రేవు ఊళ్లో ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్లు సంగీతం చెప్పి రిటైరైంది. చిన్నప్పుడు వాళ్ల ఇంటికి ఒక పక్క చర్చి ఉండేది. ఆదివారం పొద్దున్న వసారాలో తాతగారి శాంతి పాఠం, గోడవతల నాలుగు గొంతుల్లో పాటలు, రెండూ ఒకే కిటికీలోంచి వచ్చి ఆవిడ చెవిలో పడేవి. అవి రెండూ వేరువేరని ఎవరో చెప్పేసరికి ఆవిడకి పదేళ్లొచ్చాయి. అప్పటికే ఆలస్యమైపోయింది. రిటైరయ్యాక ఆరేళ్లు కూర్చుని, తాతగారు చదివిన ఆ పాత శాంతి పాఠాన్నే నాలుగు గొంతులకి స్వరపరిచింది. రెండు ఆడ గొంతులు, రెండు మగ గొంతులు, నాలుగూ నాలుగు దారుల్లో బయల్దేరి, తప్పిపోయినట్టే తిరిగి, చిట్టచివరి 'శాంతి' దగ్గర ఒకేసారి ఇల్లు చేరతాయి. వయొలిను లేదు, మృదంగం లేదు, శ్రుతిపెట్టె కూడా లేదు.

పాడేవాళ్లు ఊళ్లోవాళ్లే. ఇద్దరు నర్సులు, ఒక బస్సు కండక్టరు, ఒక టైలరు, పోస్టాఫీసు నుంచి నలుగురు, ఇంకా అలాంటివాళ్లు. శుక్రవారం సాయంత్రాలు హైస్కూలు డ్రాయింగు గదిలో కలిసేవాళ్లు. అందరికంటే అడుగున ఉండే గొంతు ఓలేటి పోలయ్యది. పోలయ్య రేవులో టగ్గు బోటు నడిపే సరంగుగా ముప్పై ఎనిమిదేళ్లు చేశాడు. జన్మలో పాట పాడలేదు. ఒకరోజు జెట్టీ మీద నిలబడి, అవతలి ఒడ్డున ఉన్న పెళ్లాన్ని క్యారేజీ ఏదే అని కేకేశాడు. ఆ దారిన పోతున్న టీచరు అక్కడే ఆగిపోయింది. మనిషి గొంతు ఇంతవరకే దిగుతుందని ఆవిడ అనుకున్న చోటికి ఇంకో నాలుగు మెట్లు కింద ఉంది ఆ కేక. ఆ చివరి 'శాంతి' మొత్తం ఇప్పుడు ఆ మెట్టు మీదే నిలబడి ఉంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. పోలయ్య గొంతులో కాయ లేచింది. ఇరవై నాలుగో తారీఖు సోమవారం ఆపరేషను.

"మాటొత్తాదంటమ్మా," అన్నాడు పోలయ్య. "అడుగు గొంతు మాత్రం నా చేతిలో లేదన్నాడు డాకటేరు బాబు. శనారం పాడేసి సోమారం కోయించుకుంటాను. ఒక్కసారి మా ఇంటిదాని ముందర స్టేజి మీద నిలబడితే చాలు. ఇన్నాళ్లూ నీళ్ల మీద అరిచిందే గానీ, ఈ గొంతు నిదానంగా కూకుని ఎవురూ ఇన్లేదు."

శనివారం ఇరవై రెండో తారీఖు. ఊళ్లో ఆ పాటకి పనికొచ్చే చోటు రాతిగోడల పాత టౌను హాలు ఒక్కటే. అందులో చిటికేస్తే ఆ చిటిక హాలంతా తిరిగొచ్చి క్షేమంగా మన వేళ్ల దగ్గరికే చేరుతుంది. మిగతావన్నీ రేకుల షెడ్లూ, జనరేటరు పక్కన కట్టిన ఫంక్షను హాళ్లూను. టౌను హాలు మండలిది. మండలి చేతిలో తొమ్మిదో గడి ఉంది.

*

మండలి ప్రత్యేకాధికారి దక్షిణామూర్తి గారు మాట్లాడుతుంటే ఎదురుగా ఉన్నది ఒక్కరైనా సభలాగే ఉంటుంది.

"అమ్మా, ప్రోత్సాహం అనగానేమి? ఒకరి పక్కన మరొకరు ఉండుట. మీ గానం పక్కన ఎవ్వరూ లేరు. పక్కన ఎవ్వరూ లేని గానాన్ని మండలి చూస్తూ చూస్తూ వేదిక ఎక్కిస్తే, రేపు సమాజం మమ్మల్ని ఏమని ప్రశ్నిస్తుంది?"

"ఏమనీ ప్రశ్నించదండి. ఆ పాట తయారైందే అలా. పక్కన ఏదైనా మోగితే పాడైపోతుంది."

"పద్నాలుగో నిబంధన చదవండి వీరభద్రం."

వీరభద్రం చదవకుండానే చెప్పాడు. గాత్ర కచేరీలో ప్రతి గాయకునికీ తగిన పక్కవాద్య కళాకారులు వేదికపై ఉండాలి. నిజానికి ఆ నిబంధన పుట్టింది జాలిగుండెతోనే. ఎప్పుడో ఒక పెద్ద విద్వాంసుడు, మృదంగం ఆయన రైలు దిగేలోపల, ఒక్కడే గంటన్నర పాడేసి, శాలువా కప్పించుకుని వెళ్లిపోయాడట. మృదంగం ఆయన పట్టుపంచె కట్టుకుని వచ్చి, కుర్చీలు మడతపెడుతున్న ఖాళీ హాలుకి దణ్ణం పెట్టి వెళ్లాడట. అలాంటి అన్యాయం మళ్లీ జరగకూడదని రాశారు. రాసినవాళ్లు పోయారు, జాలి పోయింది, నిబంధన మిగిలింది.

దక్షిణామూర్తి గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది.

"ఉండాలన్నారు గానీ వాయించాలన్లేదు కదా?"

"ఆయ్, అన్లేదండి," అన్నాడు వీరభద్రం.

"అయితే పక్కవాద్యాలు ఉంటాయి. వాయించవు. నిబంధనా బతుకుతుంది, గానమూ బతుకుతుంది. సమన్వయ దృక్పథం అంటే ఇదే."

టీచరు తల అడ్డంగా ఊపాల్సింది. నిలువుగా ఊపింది. ఇరవై రెండో తారీఖు తప్ప ఆవిడ కళ్లకి ఇంకేం ఆనడం లేదు. ముగ్గురు మనుషులు ఓ మూల చేతులు కట్టుకుని కూర్చుంటే ఏం పోతుంది అనుకుంది. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నవాళ్లు కూడా మొదట్లో అలాగే అనుకుని ఉంటారు.

*

మృదంగం గవర్రాజు పక్కవాద్య కళాకారుల సంఘం అధ్యక్షుడు. మనిషి నిప్పు. ముప్పై ఏళ్లలో ఒక్క కచేరీకి ఆలస్యంగా వెళ్లలేదు, ఒక్క దెబ్బ తప్పు వెయ్యలేదు. శుక్రవారం రిహార్సలుకి వయొలిను శేషుని, ఘటం సూరిబాబుని వెంటబెట్టుకుని వచ్చి, మృదంగం విప్పి, ఎడమ మూతకి తడి రవ్వ అద్ది, శ్రుతి చేసి, చేతులు దులుపుకుని అడిగాడు.

"ఇప్పుడు చెప్పండి టీచరు గారూ. ఏ తాళంలో వాయించకూడదు?"

"ఏ తాళంలోనూ వాయించకూడదండి."

"అలాగంటే ఎలాగండి? ఆదితాళంలో వాయించకపోవడం వేరు, మిశ్రచాపులో వాయించకపోవడం వేరు. లెక్క తెలీకుండా మానేస్తే అది మానడం కాదండి, తెలీకపోవడం."

టీచరు నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది. అతను పరాచికాలాడటం లేదు. సరేనని పాట మొదలుపెట్టారు. రెండు నిమిషాలకల్లా గవర్రాజు కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మళ్లీ లేచింది. పాట సగానికి వచ్చేసరికి అతని నుదురంతా చెమట.

"వాయించడం నేర్చుకోడానికి పన్నెండేళ్లు పట్టిందండి," అన్నాడు తువ్వాలుతో తుడుచుకుంటూ. "ఇది ఒక్క శుక్రవారంలో రమ్మంటే ఎక్కణ్ణించి వస్తదండి? కాగితం మీద రాసివ్వండి, సాధన చేస్తాను."

టీచరు ఆ రాత్రి కూర్చుని వాయించకపోవడాన్ని స్వరపరిచింది. ఒక్కో ఆవర్తానికి ఒక్కో ఖాళీ గీత, దాని కింద పాటలోని మాట, ఎక్కడ ఎవరి గొంతు వస్తుందో గుర్తు. మొత్తం పదకొండు పేజీలు. గవర్రాజు వాటిని కళ్లకద్దుకుని తీసుకెళ్లాడు. వారం తిరిగేసరికి, పాడే ఇరవై నలుగురి కంటే పాట అతనికే బాగా వచ్చు. తల పంకిస్తూ, ఒక్కో ఖాళీనీ ఎంతో గౌరవంగా దాటుతూ, ఆ చివరి 'శాంతి' దగ్గర రెండు చేతులూ మృదంగం మీద బోర్లించి ఊపిరి బిగపట్టేవాడు. పోలయ్య గొంతు దిగినప్పుడల్లా ఆ తోలు అరచేతుల కింద సన్నగా వణికేదట. ఆ సంగతి మాత్రం అతను ఎవరికీ చెప్పలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ ఆగి ఉంటే ఇది కథయ్యేది కాదు.

*

పదో తారీఖున వీరభద్రం పద్నాలుగో నిబంధన మరోసారి చదివాడు. చదవకుండా ఉండాల్సింది. పాపం, తొమ్మిదో గడి నింపబోతూ అంకె కోసం చూశాడు. తగిన పక్కవాద్యాలు అంటే ప్రతి గాయకునికి మూడు అని అనుబంధంలో ఉంది. అంతకుముందెప్పుడూ గాయకుడు ఒక్కడే కాబట్టి మూడుతో సరిపోయేది. ఇప్పుడు గాయకులు ఇరవై నలుగురు.

"డెబ్బై ఇద్దరండి," అన్నాడు వీరభద్రం మెల్లగా, చెయ్యిజారి పాలగిన్నె ఒలకబోసిన వాడిలా.

దక్షిణామూర్తి గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. డెబ్బై ఇద్దరు పక్కవాద్య కళాకారులు ఒకే వేదిక మీద. ఏ జిల్లాలోనూ జరగలేదు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది.

జిల్లా అంతా గాలించినా మృదంగాలూ వయొలిన్లూ ఘటాలూ నలభై ఒకటి దాటలేదు. మిగతావి ఎక్కణ్ణించి తేవాలి? నాదస్వరాలు తెచ్చారు, డోళ్లు తెచ్చారు, డప్పులు తెచ్చారు. అయినా చాలక ఎర్రకోటు పెళ్లి బ్యాండు మొత్తాన్ని పిలిపించారు. వాళ్లకి ఉత్తర్వు చదివి వినిపిస్తే బ్యాండు మేస్త్రీ బాకా కింద పెట్టాడు.

"వాయించొద్దని మమ్మల్ని ఇదివరకు చాలామంది అన్నారండి," అన్నాడు. "పిలిచి మరీ అనడం ఇదే మొదలు."

పదకొండు పేజీలూ డెబ్బై రెండు కాపీలు తీయించారు. గవర్రాజు రోజూ సాయంత్రం హైస్కూలు మైదానంలో అందర్నీ బారులుగా కూర్చోబెట్టి వాయించకపోవడంలో తర్ఫీదిచ్చాడు. తొందరపడి రెండు ఆవర్తాలు ముందే మౌనం ముగించిన డోలు ఆయన్ని అందరి ముందూ చీవాట్లు పెట్టాడు. మైకుల కాంట్రాక్టరు వచ్చి డెబ్బై రెండు మైకులు పెట్టాలన్నాడు. వాయించని వాటికి మైకెందుకయ్యా అని టీచరు అడిగితే, వాయించట్లేదని వెనక వరుసకి ఎలా వినపడుతుందండి అన్నాడు.

ఆ మాట పైకి పోయింది. నిజమే కదా, వాయించడం లేదని ఎవరు ధ్రువీకరించాలి? వెంటనే నిశ్శబ్ద ధ్రువీకరణ ఉపసంఘం ఏర్పడింది. ముగ్గురు సభ్యులు పద్దెనిమిదో తారీఖున టౌను హాలుకి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. స్టేజి మీద డెబ్బై రెండు వాద్యాలు, ఓ పక్కగా పాడేవాళ్లు. పాట మొదలైన అర నిమిషానికి ఉపసంఘం పెద్ద చెయ్యెత్తాడు.

"ఆపండమ్మా. మీరు పాడుతుంటే మాకు నిశ్శబ్దం వినపడటం లేదు."

"పాట కోసమే కదండి ఆ నిశ్శబ్దం," అంది టీచరు.

"అది సాంకేతికంగా వేరే అంశం. మీవాళ్లని కాసేపు బయట నిలబెట్టండి."

పాడేవాళ్లు బయట వేపచెట్టు కింద నిలబడ్డారు. కండక్టరు అలవాటుకొద్దీ అందర్నీ లెక్కపెట్టాడు. లోపల డెబ్బై ఇద్దరు పంతొమ్మిది నిమిషాలు ఏమీ వాయించలేదు. ఉపసంఘం ముగ్ధమైపోయి, ఇంతటి నాణ్యమైన మౌనం తమ సర్వీసులో వినలేదని ధ్రువపత్రం ఇచ్చింది. పోలయ్య చెట్టు మొదట్లో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. సవరించుకున్నప్పుడు నొప్పి పుట్టి ముఖం చిట్లించాడు. అది టీచరు ఒక్కర్తే చూసింది. చూసి, ముఖం అటు తిప్పుకుంది.

*

పద్దెనిమిదిన అందరూ ఎక్కేసరికి స్టేజి కిర్రుమందని, ఇరవయ్యో తారీఖున దాన్ని కొలిచారు. పాత కట్టడం, కింద చెక్క దూలాలు. ఎనభై మందికి మించి ఎక్కితే దిగేది మెట్ల మీంచి కాదు, నేరుగా కిందికే అన్నాడు ఇంజనీరు. డెబ్బై రెండూ ఇరవై నాలుగూ తొంభై ఆరు.

టీచరు ఆ రోజు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి సిగ్గే. తనే లెక్క చెప్పింది. "పాడేవాళ్లలో నలుగుర్ని మానిపిస్తానండి. ఇరవై మందికి అరవై వాద్యాలు. సరిగ్గా ఎనభై."

దక్షిణామూర్తి గారు జాలిగా నవ్వారు.

"అమ్మా, డెబ్బై ఇద్దరి పేర్లూ ఉత్తర్వులో ఉన్నాయి, ఆహ్వాన పత్రికలో ఉన్నాయి. వారిని తగ్గించే అధికారం నాకు లేదు. గాయకుల పేర్లు ఉత్తర్వులో లేవు. కనుక వేదికపై మిగిలే ఎనిమిది స్థానాలు నిరభ్యంతరంగా వారివే."

ఎనిమిది మందితో నాలుగు గొంతులు. గొంతుకి ఇద్దరు. ఎలాగో నెట్టుకురావచ్చు, పోలయ్య ఉంటే చాలు అనుకుంది టీచరు. ఆ రాత్రంతా కూర్చుని పాటని ఎనిమిది మందికి కుదించింది. తెల్లారేసరికి ముఖ్య అతిథి గారు ఒప్పుకున్నారు. ముఖ్య అతిథితో పాటు విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షులుగా దక్షిణామూర్తి గారు, ఉపసంఘం సభ్యులు ముగ్గురు. వీరభద్రం వేళ్ల మీద లెక్కపెట్టి, ఎనిమిదో వేలు దగ్గర ఆగి, టీచరు వంక చూడలేకపోయాడు.

"అయ్యా," అన్నాడు ఆఫీసరుతో. "స్టేజి మీద గాయకులు సున్నా అయితే, మూళ్ల చొప్పున పక్కవాద్యాలు కూడా సున్నాయే అవుతాయి కదండి?"

"అది వేరే ఫైలు, వీరభద్రం."

పాడేవాళ్లకి ప్రేక్షకుల పాసులిచ్చారు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఒకరు నాలుగో వరుస, ఒకరు పదో వరుస, పోలయ్యకీ అతని భార్య నూకాలమ్మకీ మేడమీద గ్యాలరీలో. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం గురించి టీచరు చిన్నప్పట్నుంచీ వింటూనే ఉంది. ఇంత పద్ధతిగా, ఇంత మర్యాదగా, అచ్చేసిన పాసులతో ఊడుతుందని మాత్రం అనుకోలేదు.

గవర్రాజు ఆ సంగతి విని మండలి ఆఫీసుకి వచ్చాడు.

"పాటుంటేనే కదండి మేం వాయించకపోవడం," అన్నాడు దక్షిణామూర్తి గారితో. "పాటే లేకపోతే అది ఊరికే కూచోడమండి. దానికి నేనెందుకు, ఎవరైనా కూచుంటారు."

"మీ కళాభిమానం శ్లాఘనీయం," అన్నారు దక్షిణామూర్తి గారు, ఇంకో కాగితం మీద సంతకం పెడుతూ.

*

ఇరవై రెండో తారీఖు సాయంత్రం హాలు కిటకిటలాడింది. డెబ్బై ఇద్దరు కళాకారులకి తలా నలుగురు బంధువులున్నా హాలు నిండుతుంది మరి. టీచరుకి మూడో వరుసలో, ఒక లావుపాటి స్తంభం పక్కన కుర్చీ వేశారు. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఆ పక్కావిడ కారణం అడుగుతుందని భయం. పదకొండు పేజీల బొత్తిని ఒళ్లో పెట్టుకుని, సోమవారం పొద్దున్న ఆసుపత్రి మెట్ల దగ్గర పోలయ్యకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. ఆరేళ్ల పాట పోతే పోయింది, ఇంకోటి రాయచ్చు. ఆ గొంతుని మాత్రం మళ్లీ రాయలేం.

ఎనిమిది ఉపన్యాసాలయ్యాయి. శాంతి ఆవశ్యకత గురించి ముఖ్య అతిథి గారు నలభై నిమిషాలు గర్జించారు. తర్వాత దక్షిణామూర్తి గారు లేచి, ఇప్పుడు అరుంధతి గారు స్వరపరిచిన శాంతి పాఠం, పక్కవాద్యాలు డెబ్బై రెండు, అని ప్రకటించి కూర్చున్నారు.

డెబ్బై రెండు మైకుల్లోంచి హాలంతా నిశ్శబ్దం పరుచుకుంది. జనం మొదట దగ్గారు. తర్వాత దగ్గడం మానేశారు. ఉపసంఘం సభ్యులు కళ్లు మూసుకుని తలలాడించారు. ఎంత శాంతి, అన్నారు ఆత్మీయ అతిథి గారు, మైకులో పడేటట్టు.

గవర్రాజు నిప్పులాంటి మనిషని ముందే చెప్పాను. ప్రకటన అయింది కాబట్టి పాట మొదలైనట్టే. అతను మొదటి పేజీ మొదటి గీత నుంచి వాయించకపోవడం మొదలుపెట్టాడు. అతని తల మెల్లగా పంకించింది. వెనక డెబ్బై ఒక్క తలలూ దాన్ని అందుకున్నాయి, ఎర్రకోటు బ్యాండుతో సహా. రెండు ఆవర్తాలు ఖాళీ. మూడో ఆవర్తం ఎత్తుగడలో పోలయ్య గొంతు రావాలి. గవర్రాజు అక్కడికి వచ్చాడు. గ్యాలరీ వైపు తలెత్తాడు. కుడిచెయ్యి చాచి, వేదిక మీద గాయకుడికి మృదంగం ఆయన దారి చూపించే ఆ పాత మర్యాదతో, రండి అన్నట్టు చూపించాడు.

పైన పోలయ్య లేచి నిలబడ్డాడు.

ముందు హాలుకి అర్థం కాలేదు. ఎక్కడో నేల కింద ఏదో కదిలినట్టయింది. తర్వాత అది గొంతని తెలిసింది. టీచరు ఒళ్లోంచి కాగితాలు జారిపోయాయి. నాలుగో వరుసలో నర్సు లేచింది. స్తంభం వెనకాల టైలరు లేచాడు. తలుపు దగ్గర టిక్కెట్లు లేని చోట నిలబడ్డ కండక్టరు అక్కణ్ణించే అందుకున్నాడు. హాల్లో నలుమూలలా ఒకరికొకరు కనపడకుండా చెల్లాచెదురుగా ఉన్నవాళ్లు, టీచరు చెయ్యి కూడా కనపడని చోట ఉన్నవాళ్లు, ఒక్క అక్షరం తప్పలేదు. ఎలా తప్పుతారు? ఎదురుగా స్టేజి మీద డెబ్బై రెండు తలలు ఒకే లెక్కలో ఊగుతున్నాయి. రాతిగోడలు వాళ్ల గొంతుల్ని పట్టుకుని, కలిపి, ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చాయి.

దక్షిణామూర్తి గారు లేవబోయారు. పక్కన ముఖ్య అతిథి గారి కళ్లు చెమర్చి ఉండటం చూసి, కూర్చోడమే ఉచితమనుకున్నారు.

చివరి 'శాంతి'కి టీచరు రాసుకున్నది పద్నాలుగు లెక్కలు. పోలయ్య పంతొమ్మిది పట్టాడు. ఆ ఐదూ ఆవిడ రాయలేదు, రాయగలిగేదీ కాదు. డెబ్బై ఇద్దరూ వాద్యాల మీద అరచేతులు బోర్లించి కూర్చున్నారు. ఒక్కటీ మోగలేదు. గవర్రాజు కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోడానికి చెయ్యి తియ్యలేదు, ఇంకా లెక్క ఉంది.

గ్యాలరీలో పోలయ్య కూర్చున్నాక నూకాలమ్మ అతని వైపు తిరిగింది.

"ఈ గొంతెట్టుకునా," అంది, "ఇన్నేళ్లూ క్యారేజీ క్యారేజీ అని అరిసినావు?"

*

ఉత్తమ పక్కవాద్య సహకారానికి మండలి డెబ్బై ఇద్దరినీ సత్కరించింది. ఓలేటి పోలయ్యకి నోటీసు పంపింది. ప్రేక్షకుల ఆసనంలో ఉండి, ఏ విధమైన పక్కవాద్యం లేకుండా, అందరికంటే ముందుగా గానమునకు పాల్పడినందుకు స్వయంగా హాజరై మౌఖికంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

పిలిచిన రోజుకి ఆపరేషనై మూడు వారాలైంది. కాయ మంచిదేనన్నారు, ప్రాణానికి భయం లేదన్నారు. నలభై రోజులు పెదవి విప్పకూడదన్నారు. పోలయ్య మెడకి మఫ్లరు చుట్టుకుని, టీచరు వెంట వచ్చి, దక్షిణామూర్తి గారి ఎదురుగా కూర్చున్నాడు.

"మీ సంజాయిషీ ఏమిటి?"

పోలయ్య ఆయన వంక ప్రశాంతంగా చూశాడు.

"ఆయన మాట్లాడకూడదండి," అంది టీచరు. "డాక్టరు గారి కాగితం ఉంది. ఏదైనా ఉంటే నేను చెప్తాను."

"కుదరదమ్మా. మౌఖికంగా అన్నాం. మౌఖికం అనగా నోటితో. ఆ నోరు వారిదే అయి ఉండాలి. వారు ఒంటరిగా, ఏ ఆధారమూ లేకుండా, ఇలా మౌనంగా కూర్చుంటే మండలి ఏమని నమోదు చెయ్యాలి?"

తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. గవర్రాజు లోపలికి వచ్చాడు. పట్టుపంచె కట్టుకుని, మృదంగం చంకన పెట్టుకుని ఉన్నాడు. వెనకాల వయొలిను శేషు, ఘటం సూరిబాబు. ముగ్గురూ పోలయ్య కుర్చీ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. గవర్రాజు రవ్వ అద్ది, శ్రుతి చూసుకుని, రెండు చేతులూ మృదంగం మీద బోర్లించాడు.

"ఇదేమిటి?" అన్నారు దక్షిణామూర్తి గారు.

"ఒక గొంతుకి ముగ్గురం కదండి," అన్నాడు గవర్రాజు. "కానివ్వండి."

నలుగురూ మౌనం వహించారు. మంచి మౌనం, లెక్క తప్పని మౌనం. దక్షిణామూర్తి గారు నిబంధనల పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పారు.

వీరభద్రం ఫారం ముందుకు లాక్కున్నాడు. పేరు రాశాడు, ఊరు రాశాడు, సంజాయిషీ దగ్గర 'విన్నాము' అని రాశాడు. తొమ్మిదో గడి దగ్గరికి వచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో నింపాదిగా 'ఉన్నాయి' అని రాశాడు.